ఆరు నెలలు ఇల్లు వదిలి వెళ్తున్నాం, కారూ స్కూటరూ ఎలా ఉంచి వెళ్లాలి?

కాకినాడ మాస్టారు

నమస్కారమండి. జూన్ మూడో వారంలో నేనూ, మా ఆవిడా అమెరికా వెళ్తున్నాం. అమ్మాయికి పురుడు. మళ్లీ డిసెంబర్‌లో గాని రాం. ఇల్లు కాకినాడలో, భానుగుడి దగ్గర. పై వాటాలో అద్దెకున్నవాళ్లు మంచివాళ్లే, కానీ కారు నడపడం రాదు.

ఇంట్లో రెండు బళ్లు. 2018 డిజైర్, పెట్రోల్, గేర్లది. రెండోది మా ఆవిడ ఆక్టివా, 2021లో కొన్నది. కారు పోర్టికోలో ఉంటుంది. పైన స్లాబు ఉంది గాని పక్కలు తెరిచే ఉన్నాయి, గట్టి వాన వస్తే జల్లు ముందు చక్రాల దాకా కొడుతుంది. సముద్రం గాలి సంగతి మీకు తెలిసిందే, గేటు చువ్వలకి ఏటా రంగు వేయించినా పై ఏటికి తుప్పు బయటకొచ్చేస్తుంది.

అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెబుతున్నారు. ట్యాంకు ఖాళీ చేసి వెళ్లమని ఒకరు, నిండా కొట్టించమని ఒకరు. జాకీలు పెట్టి చక్రాలు గాల్లో ఉంచమన్నారు ఒకాయన. ప్లాస్టిక్ కవరు కప్పి తాడు కట్టేయమన్నారు ఇంకొకాయన. పై వాటా అబ్బాయికి తాళం ఇచ్చి వారానికోసారి స్టార్ట్ చేయిస్తే చాలని మా వీధిలో అందరూ అంటున్నారు. పెన్షన్ డబ్బుతో కొనుక్కున్న బండి, ఇంకో పదేళ్లు నడవాలి. పని తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరి గట్టు

మాస్టారూ, ఎక్కువ ఆలోచించకండి. వారానికోసారి స్టార్ట్ చేసి ఓ అయిదు పది నిమిషాలు ఉంచి ఆపేస్తే సరిపోతుంది. లాక్‌డౌన్ అప్పుడు మేమంతా చేసింది అదే. ఇంజన్ తిరిగితే బ్యాటరీ దానంతటదే ఎక్కుతుంది, ఆయిలు పైకి పాకుతుంది. పైన ఓ కవరు కప్పేయండి. హాయిగా వెళ్లి మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుని రండి.

బెజవాడ ఆటోనగర్

మాస్టారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పని చేస్తాను. పైన చెప్పిన పెద్దమనిషి మంచి మనసుతోనే చెప్పారు గాని ఆ సలహా పాటించొద్దు. నిలబెట్టిన బళ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. నిలబడినందుకు పాడైనవాటి కంటే ఈ అయిదు నిమిషాల స్టార్టింగుతో పాడైనవే ఎక్కువ. బండిని నడిపితే సరిగ్గా నడపాలి, లేదంటే సరిగ్గా పడుకోబెట్టాలి. మధ్యలోది వద్దు.

ఎందుకో లెక్కతో చెబుతాను. తాళం తీసేసినా కారు కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. గడియారం, సెంట్రల్ లాకు, ఇమ్మొబిలైజరు, ఇంజన్ కంప్యూటరు, ఇవన్నీ కలిపి ఆరోగ్యంగా ఉన్న బండిలో 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల వరకు లాగుతాయి. 30 వేసుకోండి. రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు, మొత్తం 21 ఆంపియర్ అవర్ల పైమాటే. మీ సైజు పెట్రోల్ కార్లలో బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ల దగ్గర ఉంటుంది. అంటే కొత్త బ్యాటరీ కూడా నెల దాటాక సెల్ఫ్ కొట్టడానికి మూలుగుతుంది. మీరు వెళ్తున్నది ఆరు నెలలు.

సరే, వారానికోసారి స్టార్ట్ చేశారనుకుందాం. వారంలో పోయింది 5 ఆంపియర్ అవర్లు. బండి నిలబడి ఇంజన్ ఊరికే ఆడుతుంటే ఆల్టర్నేటరు, అంటే బ్యాటరీకి చార్జి ఎక్కించే డైనమో, నెమ్మదిగా తిరుగుతుంది, ఫ్యాను, ఇంజెక్టర్లు, పంపు వాడుకోగా బ్యాటరీకి చేరేది కొంచెమే. అయిదు నిమిషాల్లో ఒక ఆంపియర్ అవర్ కూడా వెనక్కి రాదు. వారం వారం అప్పు పెరుగుతూ పోతుంది. సగం చార్జిలో నెలల తరబడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత మీరు ఎంత చార్జి పెట్టినా తీసుకోదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరి రూపంలో. ఊళ్లు తిరిగే బండిలో సైలెన్సరు కాలిపోతూ ఉంటుంది కాబట్టి అదంతా బయటకి పోతుంది. పోర్టికోలో అయిదు నిమిషాలు ఆడించిన బండిలో సైలెన్సరు వెనక డబ్బా గోరువెచ్చగా కూడా అవదు. ఆ నీళ్లు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తాయి. కొంత ఇంజన్ లోపలికి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఇలా ఆడించిన బండి ఆయిల్ మూత తీసి తిరగేసి చూడండి, అడుగున పాలు కలిసిన కాఫీ రంగులో జిగట పేరుకుని ఉంటుంది. వేలితో తీసి రుద్దితే నురగలా జారుతుంది. నూనె అలా ఉండకూడదు. ఇక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, కాలని పెట్రోల్ సిలిండరు గోడల మీంచి ఆయిల్లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది. ఏ ఆయిలు పైకి పాకాలని స్టార్ట్ చేస్తున్నారో ఆ ఆయిలే పాడవుతుంది.

అందుకని నా మొదటి ప్రశ్న. లైసెన్సు ఉండి, మీరు నమ్మే మనిషి దగ్గర్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక పద్ధతి, లేకపోతే ఇంకో పద్ధతి.

కాకినాడ మాస్టారు

చాలా సంతోషమండి, ఇంత ఓపిగ్గా చెప్పారు. మా మేనల్లుడు సామర్లకోటలో ఉంటాడు. నెమ్మదైన కుర్రాడు, లైసెన్సు ఉంది. కానీ అతని ఉద్యోగం షిఫ్టుల్లో. పదిహేను రోజులకోసారి వస్తానంటాడు, ఒక్కోసారి నెల కూడా పట్టొచ్చు. వానల్లో, తుపాను రోజుల్లో రాలేడు. నమ్ముకోవచ్చా?

ఇంకో రెండు సంగతులు. కారు ఇన్సూరెన్సు సెప్టెంబర్‌లో అయిపోతుంది. మా వీధి కాలవలో పందికొక్కులు ఉన్నాయి, రాత్రిపూట గేటు కిందనుంచి లోపలికి వస్తాయి.

బెజవాడ ఆటోనగర్

నమ్ముకోవచ్చండి. కాకపోతే అతను రావడం మీద బండి ఆధారపడకూడదు. వస్తే మంచిది, రాకపోయినా బండికి ఏమీ కాకూడదు, అలా సిద్ధం చేసి వెళ్లండి.

వెళ్లేముందు వారంలో చేయాల్సినవి చెబుతాను. ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్పించండి, కిలోమీటర్లు ఇంకా మిగిలున్నా సరే. వాడిన ఆయిల్లో ఆమ్లాలు, తేమ ఉంటాయి. ఆరు నెలలు బేరింగులు దాంట్లో నానకూడదు. తిరిగొచ్చాక మార్పిద్దామనుకుంటే ఆ నష్టం జరిగిపోయాకే మార్పించినట్టు. కూలెంట్ చూపించండి. మనవైపు చాలా షెడ్లలో తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోసేస్తారు. డబ్బాలో రంగు వెలిసిపోయి ఉంటే మొత్తం తీయించి కొత్తది పోయించండి. బ్రేక్ ఆయిలు మార్చి రెండేళ్లు దాటితే అదీ మార్పించండి, అది గాల్లో తేమని పీల్చుకునే సరుకు, కాకినాడ గాలికి ఇంకా తొందరగా పీలుస్తుంది.

తర్వాత వాటర్ సర్వీసింగు. పైన మెరుపు కంటే అడుగు ముఖ్యం. జాక్ మీద ఎత్తించి అడుగంతా, మడ్‌గార్డుల లోపలంతా మంచినీళ్లతో కొట్టించండి. బీచ్ రోడ్డులో తిరిగిన బండి అడుగున ఉప్పు మట్టితో కలిసి అంటుకుని ఉంటుంది. ఉప్పు తేమని లాగుతుంది, తేమ ఇనుముని తింటుంది. బానెట్ ఎత్తి, అద్దం కింద వైపర్ల దగ్గర జాలీలో ఆకులు ఉంటే ఏరించండి. నీళ్లు పోయే దారి అదే, అక్కడ అడ్డుపడితే వాననీళ్లు లోపలికి దిగి కాళ్ల దగ్గర కార్పెట్ కింద నిలుస్తాయి. కడిగించిన రోజే తెచ్చి పెట్టేయకండి. ఆ మర్నాడు పిఠాపురం దాకా వెళ్లి రండి. బ్రేకులు, సైలెన్సరు, సందులు అన్నీ ఎండిపోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఇంటికి ఓ రెండు మూడు కిలోమీటర్ల ముందు ఏసీ ఆపేసి ఫ్యాను మాత్రం గట్టిగా పెట్టుకుని రండి. ఏసీ కాయిలు మీద తడి ఆరిపోతుంది. తడితో మూసేస్తే డిసెంబర్‌లో తలుపు తీయగానే ముక్కిన వాసన, సీట్ల మీద తెల్లటి బూజు.

పెట్రోల్. ఆ దారిలోనే ట్యాంకు నింపేయండి. నాజిల్ దానంతటది ఆగిన దగ్గర ఆపించండి, ఆపైన ఇంకో అర లీటరు కుక్కించొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాల్లో తేమని తాగుతుంది. మరీ ఎక్కువ నీళ్లు చేరితే పెట్రోల్ నుంచి విడిపోయి నీళ్లతో కలిసి ట్యాంకు అడుగున దిగిపోతుంది. పంపు పీల్చుకునేది ఆ అడుగు నుంచే. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలి తక్కువ, తేమ తక్కువ. నింపిన ట్యాంకుతో ఆరు నెలలు మీ కారుకి ఇబ్బంది ఉండదు. ఫ్యూయల్ స్టెబిలైజర్ అని చిన్న సీసాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాడాలనుకుంటే నింపే ముందే పోసి తర్వాత కొట్టించండి, పదిహేను కిలోమీటర్లు నడిస్తే పైపుల్లోకి కూడా వెళ్తుంది. ఖాళీ ట్యాంకు మాట మర్చిపోండి.

పోర్టికోలో పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మీ బండికి వెనక డ్రమ్ములు. తేమకి షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి. డిసెంబర్‌లో మీరు బండి కదిలిస్తే లైనింగు ఊడి డ్రమ్ములోనే ఉండిపోతుంది. మొదటి గేరులో వేసి, ముందు చక్రానికి ముందొకటి, వెనకొకటి చెక్కముక్కలు పెట్టండి.

జాకీల మీద ఎత్తడం ఆరు నెలలకి అక్కర్లేదు. సస్పెన్షను రబ్బర్లు వేలాడుతూ ఉండిపోతాయి, పైగా పోర్టికోలో పిల్లలు తిరుగుతుంటే ప్రమాదం. బదులుగా టైర్లలో గాలి 40 పీఎస్ఐ దాకా కొట్టించండి. టైరు పక్కన గరిష్ఠం ఎంతో అచ్చువేసి ఉంటుంది, దానికి మించకుండా చూసుకోండి. మేనల్లుడు వచ్చినా రాకపోయినా, పై వాటా అబ్బాయి, ఇంకొకరు కలిసి నెలకోసారి న్యూట్రల్‌లో వేసి చక్రం సగం తిరిగేంత తోస్తే చాలు, టైరు ఒకే చోట అణిగి ఉండదు. తోశాక మళ్లీ గేరు, మళ్లీ చెక్కలు.

బ్యాటరీ. మైనస్ వైరు తీసేయండి, పది నంబరు స్పానర్ చాలు. నల్లది ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ఎర్రది ముందు విప్పుతూ స్పానరు బాడీకి తగిలితే మెరుపులే. అద్దాలు, డిక్కీ అన్నీ ముందే మూసేయండి, కరెంటు పోయాక అవి కదలవు. మిగతా మూడు తలుపులకి లోపలి నాబ్ నొక్కేసి, బానెట్ దించి, డ్రైవర్ తలుపు తాళంచెవితో వేయండి. వైరు తీసినా బ్యాటరీ దానంతటది నెమ్మదిగా దిగుతుంది, మన వేడికి ఇంకాస్త వేగంగా. మీటరు పెట్టి చూస్తే నిండుగా ఉన్నది 12.6 చూపిస్తుంది. 12.4 కిందకి వచ్చిందంటే చార్జి పెట్టాల్సిందే. కాబట్టి మేనల్లుడు ఆగస్టులో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి బ్యాటరీ విప్పి సామర్లకోటలో ఏ బ్యాటరీ షాపులోనైనా చార్జికి పెట్టిస్తే సరిపోతుంది. మామూలు ఖర్చే అవుతుంది. మీ బ్యాటరీ వయసెంతో రాయలేదు. నాలుగేళ్లు దాటి ఉంటే ఇప్పుడు కొత్తది వేయించకండి, వచ్చాక వేయించండి. కొత్త బ్యాటరీని ఆరు నెలలు ఊరికే ఉంచడం దండగ.

అతను బండి నడపగలిగిన రోజున మాత్రం సరిగ్గా నడపమనండి. సామర్లకోట వెళ్లి వచ్చేస్తే చాలు. టాప్ గేరులో కొంతసేపు పోవాలి, ఏసీ ఓ పది నిమిషాలు ఆడాలి, కంప్రెసర్ సీళ్లకి ఆయిలు అందుతుంది. గాలి 40 ఉన్నప్పుడు నడపకూడదు, తగ్గించి నడిపి, పెట్టేముందు మళ్లీ ఎక్కించాలి. అంత పని తనవల్ల కాదంటే ఇంజన్ జోలికి పోకుండా చక్రం తోసి వెళ్లిపోమనండి. స్టార్ట్ చేసి చూసి ఆపేయడం మాత్రం ఒప్పుకోవద్దు.

ఇన్సూరెన్సు సంగతి తేలికే గాని తప్పనిసరి. గడువు తేదీ లోపల అక్కణ్ణుంచే ఆన్‌లైన్‌లో కట్టేయండి. దాటితే బండి చూడ్డానికి మనిషి వస్తాడు, తాళం ఎవరిస్తారు? 90 రోజులు దాటితే మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మొత్తం పోతుంది. నడవని బండికి ఎందుకని ఓన్ డ్యామేజీ, అంటే మన బండికి జరిగిన నష్టానికి ఇచ్చే భాగం, మానేయకండి. మీరు లేని నెలలు సరిగ్గా తుపాను నెలలు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉందో లేదో కూడా చూసుకోండి.

పందికొక్కుల గురించి రాత్రి రాస్తాను, షెడ్డులో బండి ఎత్తి ఉంది.

దుబాయ్ జగిత్యాల

అన్నా, కారు సంగతి నాకు తెల్వది గాని బండి సంగతి చెప్త. నేను దుబాయ్‌ల పనిచేస్త, రెండేండ్లకొకసారి ఊరికి వస్త. నా స్ప్లెండర్ పాతది, కార్బొరేటర్ది. మా అందరి బండ్లు ఇట్లనే ఇంటికాడ ఉంటయి, వచ్చినప్పుడు నెల దినాలు నడుపుతం, మళ్ల పోతం.

పోయేముందు ట్యాంకు మొత్తం ఖాళీ చేసి తమ్ముని బండ్ల పోస్త. నాది రెండేండ్ల ముచ్చట, ఆరు నెలలది కాదు, గంతకాలం పెట్రోల్ ఉంచద్దు. ఖాళీ ట్యాంకుల గ్లాసు ఇంజన్ ఆయిల్ పోసి బండిని అటు ఇటు వంచి లోపలంత పూతలెక్క పట్టిస్త. వచ్చినంక దాన్ని తీసేసి, పెట్రోల్‌తోని ఒకసారి కడిగి, కొత్త పెట్రోల్ పోసుకుంట. కాక్ బంద్ చేసి బండి దానంతట అదే ఆగిపోయేదాక నడిపిస్త. అయినా కార్బొరేటర్ల కొంచెం మిగుల్తది. కింద గిన్నెకు చిన్న స్క్రూ ఉంటది, అది ఇప్పితే మిగిలింది కారిపోతది. గది ఉంచితే ఎండిపోయి బంకలెక్క అయి జెట్టు మూసుకుపోతది. ప్లగ్గు ఇప్పి లోపల నాలుగు చుక్కల ఆయిల్ వేసి, కిక్కు మెల్లగ నాలుగైదు సార్లు కొట్టి మళ్ల ప్లగ్గు బిగిస్త. పిస్టన్ పట్టెయ్యది. చెయిన్‌కు ఆయిల్, నడుమ స్టాండ్ కింద చెక్క, రెండు టైర్లు నేలకు తగలకుంట. బ్యాటరీ ఇప్పి తమ్మునికి ఇస్త, వాడు వాని బండికి మార్చి మార్చి వేసుకుంటడు, అట్ల రెండూ మంచిగుంటయి.

సార్ ఆక్టివా 2021ది అంటే ఇంజెక్షన్ది, కార్బొరేటర్ ఉండది. దానికి ఇదంత అవసరం లేదనుకుంట, బెజవాడ అన్న చెప్పాలె.

బెజవాడ ఆటోనగర్

జగిత్యాల తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. కార్బొరేటర్ బండికి, రెండేళ్లకి, అదే పద్ధతి. మాస్టారి ఆక్టివా బీఎస్ 6, అంటే కొత్త పొగ నిబంధనలకి తగ్గట్టు వచ్చిన ఇంజెక్షన్ బండి. దానికి ట్యాంకు నింపడం, నడుమ స్టాండు వేయడం, బ్యాటరీ విప్పడం చాలు. స్కూటర్ బ్యాటరీ చిన్నది, కారు కంటే ముందే చచ్చేది అదే. ఇంజెక్షన్ బండికి పంపు, కంప్యూటరు పనిచేయాలి కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్కు కొట్టినా లేవడం కష్టం. మీ పై వాటాలో ఎవరికైనా స్కూటర్ నడపడం వస్తే, లైసెన్సు కూడా ఉంటే, వాళ్లకే ఇచ్చి వెళ్లండి. కూరగాయలకి వెళ్లొస్తుంటారు, బండి బతికి ఉంటుంది. మా దగ్గరికి వచ్చే స్కూటర్లలో ఎక్కువ బాగున్నవి రోజూ తిరిగేవే.

ఇక పందికొక్కులు. తుప్పు నెలల్లో చేసే నష్టం ఇవి ఒక్క రాత్రిలో చేస్తాయి. వైరింగ్ హార్నెస్ కొరికితే ఏ వైరు ఎక్కడ తెగిందో వెతకడానికే రోజులు పడుతుంది. వాటికి బానెట్ కింద ఇష్టమైన చోటు ఎయిర్ ఫిల్టర్ డబ్బా. చీకటి, వెచ్చదనం, మెత్తటి కాగితం, గూడుకి కావలసినవన్నీ అందులోనే. ఓ బండిలో ఫిల్టరు మొత్తం చీల్చి, దానితో గూడు కట్టి, పక్కన వేరుశనగ తొక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. గాలి పీల్చే గొట్టం మూతికి, వెనక సైలెన్సరు మూతికి గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కండి. కుక్కిన సంగతి కాగితం మీద రాసి స్టీరింగుకి కట్టండి. మీరు చెప్పినా మేనల్లుడు మర్చిపోవచ్చు, దాంతో స్టార్ట్ చేయకూడదు.

పొగాకు కాడలు గుడ్డలో కట్టి బానెట్ కింద పెట్టడం మా వైపు అలవాటు. ఘాటు ఉన్నన్నాళ్లు పనిచేస్తుంది, నెలకోసారి మార్చాలి, స్టార్ట్ చేసే ముందు తీసేయాలి. కలరా ఉండలు మాత్రం కారు లోపల వేయొద్దు. ఆరు నెలలు మూసిన బండిలో ఆ వాసన సీట్లకి పట్టి వదలదు, పసిబిడ్డలున్న ఇంటికి అసలే మంచిది కాదు. ఎలుకల మందు కూడా వద్దు, తిన్నది వెళ్లి డ్యాష్‌బోర్డు వెనక చస్తుంది.

నిజాంపేట సెల్లార్

మెకానిక్ గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు, సెల్లార్ నిండా ఎలుకలే. నాన్నగారి కారు ఎక్కువ రోజులు నిలబడి ఉంటుంది, దాన్ని చూసుకునేది నేనే. మందులు, స్ప్రేలు అన్నీ వాడాను. అన్నిటికంటే బాగా పనిచేసింది బానెట్ పైకెత్తి పుల్ల పెట్టి ఉంచేయడం. వెలుతురు, గాలి ఉన్న చోట అవి కాపురం పెట్టవు. వాచ్‌మన్‌కి వింతగా అనిపించింది గాని ఆ తర్వాత ఒక్క వైరూ తెగలేదు. మాస్టారి పోర్టికోలో జల్లు కొడుతుందన్నారు కాబట్టి ఎండ రోజుల్లో ఎత్తి, వాన రోజుల్లో దించే మనిషి ఉండాలి.

లోపల తిండి వస్తువు ఏదీ ఉండకూడదు. సీటు కింద బిస్కెట్ ముక్క, గ్లవ్ బాక్సులో తిరుపతి లడ్డూ పొట్లం, డోర్‌లో చాక్లెట్ కాగితం, అన్నీ తీయాలి. వాక్యూమ్ చేయించండి. కారు పక్కన కుక్కకి అన్నం గిన్నె పెట్టే అలవాటుంటే ఆ గిన్నె వేరే చోటికి మార్చమనండి. వారానికోసారి టార్చితో బానెట్ కింద, టైర్ల మీద పెంటికలు ఉన్నాయేమో చూస్తే చాలు, అవి కనపడ్డ రోజునే మేల్కోవచ్చు.

కాకినాడ మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని మేనల్లుడికి చదివి వినిపించాను. నెలకోసారి తోయడం, రెండుసార్లు బ్యాటరీ చార్జి తన బాధ్యత అన్నాడు. పై వాటా అమ్మాయికి ఆక్టివా ఇస్తున్నాం, లైసెన్సు ఉంది, ఎగిరి గంతేసింది.

కవరు గురించి మెకానిక్ గారు ఏమీ చెప్పలేదు. ఇంకో భయం కూడా ఉంది. మా వీధిలో గట్టి వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మొన్న 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను అప్పుడు ఇంట్లోనే ఉన్నాం కాబట్టి కారుని మిత్రుడి ఇంటికి మెరకకి తీసుకెళ్లాను. ఈసారి మేం ఉండం.

బెజవాడ ఆటోనగర్

కవరు వేయాల్సి వస్తే గుడ్డది, గాలి ఆడేది. ప్లాస్టిక్‌ది వద్దు. పగలు వేడికి లోపల ఆవిరి పుట్టి, రాత్రి చల్లబడి నీళ్లై రంగు మీదే నిలుస్తుంది. మీకు స్లాబు ఉంది, పక్కనుంచి గాలి కొడుతుంది. వదులుగా ఉన్న కవరు ఆ గాలికి కొట్టుకుంటూ దుమ్ముతో రంగుని గీకేస్తుంది. మీ చోట నేనైతే కవరు వేయను. మైనం పాలిష్ ఒక పూత వేయించి, జల్లు కొట్టే వైపు పోర్టికోకి టార్పాలిన్ తెర కట్టిస్తాను. వైపర్ బ్లేడ్ల కింద గుడ్డ ముక్క పెట్టండి, రబ్బరు అద్దానికి అతుక్కోదు. తలుపుల చుట్టూ రబ్బర్లకి టాల్కం పౌడరు రాయండి.

నీళ్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ఆ తర్వాత వారాల తరబడి ఆటోనగర్‌కి వచ్చినవన్నీ నానిన బళ్లే. నీళ్లు దిగగానే ఆత్రంగా సెల్ఫ్ కొట్టినవాళ్ల ఇంజన్లు విరిగాయి. నీరు నొక్కితే నలగదు, సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముట్టుకోకుండా తోసుకొచ్చినవాళ్ల ఇంజన్లు చాలావరకు బాగుపడ్డాయి. స్టార్ట్ చేసిన వాళ్లకి ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కే, ఆ ఇంజన్ ప్రొటెక్ట్ లేకపోతే మామూలు పాలసీలో ఆ నష్టం ఇవ్వరు.

కాబట్టి అక్టోబర్, నవంబర్ నెలలకి మీ మిత్రుడి మెరక ఇల్లు దొరికితే, ఆగస్టులో బ్యాటరీ చార్జి పెట్టించిన రోజునే కారు అక్కడికి మార్పించేయండి. తుపాను హెచ్చరిక వచ్చాక మార్చాలనుకుంటే మేనల్లుడు రాలేకపోవచ్చు. మార్చడం కుదరకపోతే, నీళ్లు లోపలికి వచ్చినా ఎవరూ తాళం తిప్పకూడదని పై వాటా వాళ్లకి గట్టిగా చెప్పండి. మైనస్ వైరు తీసేసి ఉంటుంది కాబట్టి షార్ట్ సర్క్యూట్ భయం తగ్గుతుంది. ఎంతవరకు నీళ్లు వచ్చాయో చక్రంతో కలిపి ఫోటో తీసి మీకు పంపమనండి. ఇన్సూరెన్సు వాళ్లు అడిగేది అదే.

ఇక డిసెంబర్‌లో వచ్చిన రోజు. ప్రయాణం బడలికతో వెంటనే తాళం తిప్పకండి, మర్నాడు పగటి వెలుతురులో చూడండి. ముందు బండి కింద నేల మీద మరకలు, తర్వాత బానెట్ కింద గూళ్లు. స్టీలు పీచు రెండు చోట్లా తీయండి. ఆయిలు పుల్ల లాగి చూడండి, మట్టం పెరిగి ఉన్నా, రంగు తెల్లబడినా మెకానిక్‌ని పిలవండి. నిండా చార్జి ఉన్న బ్యాటరీ బిగించి, తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగండి, వెనక పంపు చిన్నగా గుయ్‌మంటుంది. ఆపి మళ్లీ ఒకసారి అలాగే చేయండి. పైపులు నిండుతాయి. అప్పుడు సెల్ఫ్ కొట్టండి. లేచాక రేజ్ ఇవ్వకండి, ఒక నిమిషం దాని మానాన దాన్ని ఉండనివ్వండి, ఆయిల్ లైటు ఆరిందో లేదో చూసుకోండి.

క్లచ్ నొక్కితే గేరు పడకుండా గీసుకుంటే భయపడొద్దు, బలవంతమూ చేయొద్దు. సముద్రపు తేమకి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి పట్టేసి ఉంటుంది. ట్రాక్టర్లు సీజను అయ్యాక నిలబెట్టేటప్పుడు పెడల్ నొక్కి చెక్క బిగించి ఉంచేది అందుకే. మీ మెకానిక్‌కి చెబితే పది నిమిషాల్లో విడిపిస్తాడు. బ్రేకు పెడల్ నాలుగుసార్లు తొక్కి గట్టిగా ఉందో లేదో చూశాకే గేటు దాటండి. వీధిలో మొదటి రెండు మూడు బ్రేకులకి ముందు నుంచి గరగరమని శబ్దం వస్తుంది, డిస్కుల మీద పై తుప్పు అది, తొక్కుతుంటే పోతుంది. కిలోమీటరు దాటాక కూడా పోకపోతే చూపించండి. వెనక చక్రాలు పట్టినట్టు అనిపిస్తే కూడా అంతే, లాగి నడపొద్దు.

మొదటి దారి గాలి కొట్టే షాపుకే. 40 ఉన్న గాలిని డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న నంబరుకి దించి, స్టెప్నీలో కూడా చూపించుకుని, ఆ తర్వాత అన్నవరమో, మీకిష్టమైన చోటికో ఓ గంటసేపు ఆగకుండా నడిపి రండి. ట్యాంకులో పాత పెట్రోల్ సగానికి వచ్చాక కొత్తది నింపుకోండి.